మా మేనమామయు, గిరీశమును

1977వ సంవత్సరము వేసవిలో మా మేనమామ నన్ను సూర్యాపేటలో దానవీరశూరకర్ణ చిత్రమునకు తోడుకొనిపోయెను. నాకప్పుడు పదునాలుగేండ్లు. ఆ చిత్రము ఆ యేటి సంక్రాంతికి వెలువడినది. నందమూరి తారకరామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు అను మూడు వేషములను తామే ధరించి, దర్శకత్వమును తామే వహించిరి. దాదాపు నాలుగు గంటల ఆట. ఆట ముగిసి తలుపులు తెఱచునప్పటికి, లోపలికి మామూలు మనుష్యులై పోయినవారందఱును సుయోధనులై వెలువడిరి. ఒకడు భుజముమీది తువాలును పట్టుత్తరీయమువలె సవరించుకొనెను. ఇంకొకడు అరటిపండ్ల బండికడ నిలిచి, బేరమాడుటకు మాఱుగా, రాజసభలో మాటలాడినట్లు గొంతు పెంచెను. పండ్లమ్ము ముసలమ్మ నవ్వాపుకొనలేక రెండు పండ్లు ఎక్కువగా ఇచ్చెను. మా మామ దారిపొడవునను ఆ సంభాషణలను వల్లించుచునే యుండెను. ఒక్కమాఱు విన్న మాత్రమున అంత పాఠము నోటికెట్లు వచ్చినదా యని నేను ఆశ్చర్యపడితిని. ఆయన అప్పటికే మిర్యాలగూడలో మూడు పర్యాయములు ఆ చిత్రమును చూచియుండెనని పిమ్మట తెలిసినది.

ఆ చిత్రమున ధర్మరాజు వేషము వేసినవారు ప్రభాకరరెడ్డిగారు. వారిది మా సూర్యాపేట ప్రాంతమందలి తుంగతుర్తి. వైద్యవిద్య నభ్యసించి నటులైనవారు. మనవాడు తెరమీద ధర్మమూర్తియై కూర్చుండియుండగా మావారిలో ఒక్కడైనను ధర్మరాజువలె నడచుచు బయటికి రాలేదు. అంతకు పదునాలుగేండ్ల ముందు, 1963లో, నర్తనశాలయందు ఆ ప్రభాకరరెడ్డిగారే కర్ణుడు. అందు కృష్ణుడు కాంతారావుగారు. వారిది కోదాడ దగ్గఱి గుడిబండ. ఇట్లు కోదాడవారి కృష్ణుడును, తుంగతుర్తివారి కర్ణుడును ఒకే చిత్రమున నిలిచినను, ఆ చిత్రమును గూర్చి మా యిండ్లలో మాట వచ్చినప్పుడు మొదట తలచుకొనునది ఎస్.వి. రంగారావుగారి కీచకుని నడకనే. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుని బహుమానము కూడ ఆ కీచకునికే దక్కెను. ఊరివాడన్న అభిమానము సైతము ధర్మపక్షమును రక్షింపలేకపోయినది!

దుర్గుణములుగల పాత్రలయందు జనులకు ఇంత మక్కువ యేల? ఈ ప్రశ్నకు మా తాతగారి యొద్ద ఒక సమాధానము సిద్ధముగా నుండెడిది: కలికాలము. సమాధానము సుఖమైనదే గాని నిలువదు. గణపతిశాస్త్రిగారు 1912 మొదలుకొని తిరువనంతపురమున ప్రకటించిన భాసనాటకములలో ఊరుభంగమున్నది. అందు తొడలు విఱిగి నేలబడిన దుర్యోధనుని కొఱకే చూచువారి కన్నులు చెమ్మగిల్లును. కన్నడమున రన్నకవి వేయేండ్ల క్రిందట గదాయుద్ధమును రచించి, భీముని గెలిపించియు, పాఠకుల మనస్సును ఓడినవానికే అప్పగించెను. 1667లో ఆంగ్లకవి మిల్టను దైవమహిమను కీర్తింపబూని సైతానునకు తన మంచి కవిత్వమునంతయు ఇచ్చివేసెను. 1861లో వంగకవి మైకేలు మధుసూదనదత్తు లంకలోని మేఘనాదుని పక్షమున కావ్యమే కట్టెను. కలియుగము ప్రారంభమై ఐదువేల యేండ్లయినదని పంచాంగములు చెప్పుచున్నవి గనుక, ఈ వాదమున తాతగారే గెలిచిరని యొప్పుకొనినను, మన ప్రశ్న మాత్రము ఉన్నచోటనే యుండును.

రెండవ సమాధానము చదువుకొన్నవారిది. మనలో దాగియున్న దుర్గుణమే రంగముమీద వేషము వేసికొని వచ్చుచున్నదనియు, అందుచేతనే దానిని చూచి సంతోషింతుమనియు వారందురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని అరటిపండ్లు కొన్న ఆ రిక్షావానికి హస్తినాపురముమీద ఆశ గలదని నేను నమ్మజాలను.

నాకు మొదటి వెలుగు ఒక ముసలివానివలన కలిగినది. మా యూర చిందు భాగవతుల ఆట యెప్పుడు జరిగినను అతడు అందఱికంటె ముందు వచ్చి గోనెపట్టా పఱచుకొని కూర్చుండెడివాడు. 1946కు పూర్వము, దొరల గడీలు ఇంకను గడీలుగానే యున్న దినములలో, అతడు వెట్టిచాకిరి చేసినవాడు. వీపుమీది వాతలు ముదిమిలో కూడ కనబడుచుండెను. అట్టివానికి హిరణ్యకశిపుడన్నను, దుర్యోధనుడన్నను ప్రాణము. నేను బాల్యచాపల్యమున, “తాతా, దొరలను అంత తిట్టెదవు గదా, ఈ రాజు నీకేల నచ్చినాడు?” అని యడిగితిని. అతడు చుట్ట తీసి చేతబట్టుకొని, “మా దొర ఎన్నడన్న మా ముందల నిలవడి, నేను గిందుకు కొడుతున్ననని చెప్పిండా, బిడ్డా? కొట్టుడే. ఈయన చెప్తుండు గద!” అనెను.

అలంకారశాస్త్రము చదివిన పిదప గూడ నాకు ఆ మాటను మించిన మాట దొరకలేదు. నిజజీవితమున మనలను బాధించువాడు మనకు కారణము చెప్పడు. చెప్పవలసిన అగత్యము వానికి లేదు. రంగముమీది దుష్టుడు అట్లు కాడు. వాడు మన యెదుట నిలిచి, తన అసూయకు, తన ఆశకు, తన అవమానమునకు కారణములను విన్నవించుకొనవలసినదే. ఎన్నడును ఎవ్వరును సంప్రదింపని వెట్టివానికి ఆ రాత్రి ఒక రాజు వచ్చి సంజాయిషీ ఇచ్చుకొనుచున్నాడు. సజ్జనుని మంచితనమును ఇతరులు పొగడుదురు. ఆతడు ఊరకున్నను కథ నడచును. దుర్జనుడు మాత్రము తన వకాల్తా తానే పుచ్చుకొనవలెను. మాటలాడువానియందే మనస్సు నిలుచుట సహజము.

అయినను ఇది సగము. మన తెలుగువారి విషయమున ఇంకొకటి గలదు. ఈ పత్రికను చదువు సంస్కారప్రియులకు అది కొంచెము చేదుగానుండును. దానవీరశూరకర్ణలో జనులు ఏ ఘట్టమున మిక్కిలి చప్పట్లు కొట్టిరి? కురువీరుల అస్త్రవిద్యాపరీక్షలో కర్ణుని కులమేమని యడిగినప్పుడు, సుయోధనుడు లేచి, ఆ యడిగిన పెద్దల జన్మవృత్తాంతములనే ఒక్కొక్కటిగా విప్పి, పుట్టుకకును యోగ్యతకును సంబంధమేమని నిలదీసిన ఘట్టమున. కొండవీటి వేంకటకవిగారు వ్రాసిన ఆ సంభాషణలు తరువాత టేపులలోనికెక్కి, మా ప్రాంతమున పెండ్లిపందిళ్లలో సన్నాయికి పోటీగా మ్రోగినవి. కులమును గర్హించుచు తెలుగు తెరమీద వెలువడిన మాటలలో అంత పదునైనవి అరుదు. వానిని పలికినవాడు ఎవడు? కొంతకాలమునకు నిండుసభలో ఒక ఆడుదానిని వివస్త్రను చేయుమని ఆజ్ఞాపింపబోవువాడు. ఆ సభలోనే ధర్మరాజున్నాడు, భీష్ముడున్నాడు. కర్ణుని పక్షమున వారు ఒక్క మాట యనలేదు.

గిరీశమును చూడుడు. కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909లో అప్పారావుగారు దానిని మార్చి పెంచి మఱల ప్రకటించిరి. పసిపిల్లలను ముసలివారికమ్ము దురాచారమును మాన్పుటకై వ్రాసిన ఆ గ్రంథమున, వితంతువివాహమును గూర్చియు స్త్రీవిద్యను గూర్చియు రసవత్తరముగా ఉపన్యసించువాడెవడు? పూటకూళ్లమ్మ సొమ్ము కాజేసినవాడు, మధురవాణికి మొగము చాటుచేసినవాడు, అగ్నిహోత్రావధాన్ల యింట చదువు చెప్పు మిషమీద చేరి బుచ్చమ్మను లేవదీసికొనిపోయినవాడు. అదే గ్రంథమున నిజమైన సత్పురుషుడు సౌజన్యారావు పంతులున్నాడు. ఆయన మాటలు ఎవరికి జ్ఞప్తియున్నవి? ఇల్లిల్లును వెదకినను ఒక్క సౌజన్యారావు దొరకడు గాని, వీధికొక గిరీశమున్నాడు. ఆతని చమత్కారములను పెండ్లివిందులలో వల్లించువారికి లెక్కయే లేదు.

మంచివారు చెప్పుటకు జంకిన మాటను చెడ్డవాడు నిర్భయముగా చెప్పుచున్నాడు. మంచివానికి పరువున్నది, పెద్దలున్నారు, ఇంట పెండ్లి కావలసిన కూతురున్నది. చెడ్డవానికి పోవునదేమియు లేదు. మనము లోలోపల అనుకొనుచుండిన మాట ఆతని నోట వెలువడగానే మనకు గుండె తేలికపడును. ఆ తేలికపాటును ఆతని మంచితనమని భ్రమపడుదుము. నేను దీనిని పుస్తకములలో నేర్చికొనలేదు.

మా మామ మిర్యాలగూడలో ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. సాగరు ఎడమకాలువ నీరు వచ్చిన పిదప ఆ యూర మిల్లులు ఒకదాని వెనుక ఒకటి లేచిన దినములవి. మనిషి అందగాడు. తెల్లని ధోవతి, వంకీలు తిరిగిన క్రాపు, జేబులో ఎప్పుడును ఒక పుస్తకము. ఆయన సూర్యాపేటకు వచ్చెనన్న వార్త తెలిసిన చాలు, వాకిట మంచములు పడెడివి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన మొదటి వితంతువివాహమును ఆయన కన్నులార చూచినవానివలె వర్ణించెడివాడు. కట్నము పుచ్చుకొను మగవానికంటె సంతలో కోడె నయమనెడివాడు. ఆడువారు తలుపుచాటున నిలిచి వినెడివారు.

మాటలతోనే సరిపుచ్చెనని చెప్పుటకును వీలులేదు. మా అక్క ఏడవతరగతి ముగించినప్పుడు తాతగారు చదువు చాలించి సంబంధము చూడుడనిరి. మా తండ్రి నోరు మెదపలేదు. ఆయన మంచివాడు, ఆ విషయమున ఎవరికిని సందేహము లేదు. మా మామ వాకిట నిలిచి తాతగారితో ఒక గంటసేపు వాదించెను. పోట్లాడెను, నవ్వించెను, చివరకు కాళ్లు పట్టుకొనెను. ఆ యేటి చదువునకు కావలసిన రుసుమును, పుస్తకముల సొమ్మును తానే లెక్కించి మా అమ్మ చేత పెట్టెను. మా అక్క ఉపాధ్యాయినియై ముప్పది యేండ్లు పనిచేసి నేడు పింఛను పుచ్చుకొనుచున్నది. ఆ పింఛనులో మా మామ వాక్కు ఇప్పటికిని వడ్డీ తెచ్చుచున్నదని నేననుకొందును.

ఆయన పేకాడెడివాడు. అప్పులు చేసెడివాడు. మిల్లులో లెక్కలు రెండుమాఱులు తారుమారైనవి. రెండుమాఱులును బంధువులు పోయి సర్దిరి. ఇవన్నియు మాకు తెలియును. తెలిసియు, ఆయన వచ్చిన మంచములు వాల్చుట మానలేదు. “వాడంతే” అని మా అమ్మ నవ్వెడిది. ఆ రెండు మాటలలో ఎంత అనురాగముండెనో, ఎంత అన్యాయముండెనో ఇప్పుడు తలచుకొన్నచో నాకు ఒడలు జలదరించును.

సుయోధనుని చూచిన నాటికి తిరిగి వత్తును. ఆటకు ముందు మా మామ నన్నొక గిరివి దుకాణమునకు తీసికొనిపోయెను. ఒక చిన్న గుడ్డమూటను నాచేత పట్టించి, తాను షావుకారుతో ఏవో మాటలాడి, పిదప మూటను అందుకొని విప్పెను. అందులో మా అత్తమ్మకు కోదాడలోని పుట్టింటివారు పెట్టిన నాలుగు తులముల గుండ్లపేరుండెను. నేను దానిని గుర్తించితిని. ఆయన నా కన్నులలోనికి చూచి, సుయోధనుడు కర్ణుని భుజముమీద చేయివేసినట్లు నా భుజముమీద చేయివేసి, “అల్లుడా, మీ అత్తమ్మ అడిగితే మెరుగు పెట్టనీకె కంసాలికి ఇచ్చినమని చెప్పు. మగోళ్ల మాట మగోళ్లకే తెల్వాలె” అనెను. పదునాలుగేండ్ల బాలునకు అంతకుమించిన పట్టాభిషేకమేమి కావలెను? మఱునాడు మిర్యాలగూడలో అత్తమ్మ యడుగకమునుపే నేనా మాట చెప్పితిని. కంసాలి దుకాణమెక్కడ నున్నదో, ఎన్నిదినములకు ఇత్తుననెనో కూడ నా సొంత కల్పన చేర్చితిని. ఆమె సరే యని బియ్యము చెరుగుచునే యుండెను. గుండ్లపేరు తిరిగి రాలేదు.

మా మామ 1986లో పోయెను. శవము వెంట నడచినవారిలో అప్పిచ్చినవారు అనేకులు, వారును ఏడ్చిరి. నేను వారి ఏడుపును పరిహసించుట లేదు. అందఱికంటె బిగ్గరగా ఏడ్చినవాడను నేనే.

పిమ్మట నేను తెలుగు పండితుడనై మిర్యాలగూడలోనే ఒక పాఠశాలలో చేరితిని. 1992లో కన్యాశుల్క నాటకమునకు నూఱేండ్లు నిండినవి. పిల్లలచేత నాటకములోని రంగములు వేయింపవలెనని నేనే పట్టుబట్టితిని. నిడివి ఎక్కువ గనుక కత్తిరింపవలసివచ్చెను. గిరీశమును, శిష్యుడు వెంకటేశమును మాటలాడుకొను రంగము. పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకొని వచ్చు రంగము. అగ్రహారమున ఉపన్యాసముల రంగము. ఇవి యుంచితిని. బుచ్చమ్మ యుండవలసినచోట రెండు మాటలు మిగిల్చి తక్కినవి తీసివైచితిని. పిల్లలు కారణమడిగిరి. రక్తి కట్టదని చెప్పితిని.

ఆ సాయంకాలము అత్తమ్మ వచ్చి ముందువరుసలో కూర్చుండెను. గిరీశము వేసిన బాలుడు గట్టివాడు. నేను వానికి నడక నేర్పితిని, చూపు నేర్పితిని, ఎదుటివాని భుజముమీద చేయివేయుట నేర్పితిని. అది యెవరి నడకయో, ఎవరి చేయియో నేర్పునప్పుడు నాకు తట్టలేదు. మైదానమంతయు నవ్వులతో నిండిపోయెను. అత్తమ్మ కూడ నవ్వుచుండుట చూచితిని.

ఇంటికి పోవునప్పుడు ఆమె నడుమ నాగి, “ఆ పిల్ల ఏమాయె?” అని యడిగెను.

“ఏ పిల్ల, అత్తమ్మా?”

“ముండమోసిన పిల్ల. వాడు లేవదీస్కపోయిన పిల్ల.”

పూనాలోని వితంతుశరణాలయమునకు పంపుదురని చెప్పితిని. ఎవరు పంపుదురని యడిగెను. సౌజన్యారావు పంతులని చెప్పితిని. “మరి ఆయన్ను చూపెట్టలేదేంది?” అనెను. నేను మాటలాడలేదు. కొంతదూరము నడచిన పిదప ఆమెయే, “మంచిగ మాట్లాడిండు పిలగాడు. మీ మామ గిట్లనే మాట్లాడేటోడు. నేను గూడ నవ్విన. నవ్వకుంట ఎట్లుంటం? మీరు ఆట అయినంక ఇండ్లకు పోతరు. నేను ఆ ఆటలకే పోయేదాన్ని” అనెను.

అప్పుడు నాకు ధైర్యమో భయమో కలిగి, గుండ్లపేరు సంగతి యెత్తితిని. పదునైదేండ్లుగా నా గొంతులో నున్న ముల్లది. ఆమె తేలికగా, “ఆ దినమే ఎర్కనే, అల్లుడా. నువ్వు చెప్తుంటె నీ మొఖంల మీ మామ కనవడ్డడు” అనెను. మఱికొంత నడచి, “మీ అక్క సదువుకు పోయిన గాజులకు నాకు దుఃఖం లేదు. అడిగితె నేనే ఇద్దును. అడగలేదు” అనెను. ఆ గాజుల కథ అంతవఱకు నాకు తెలియదు. మా అక్కకును తెలియదు. వాకిట నిలిచి తాతగారిని ఓడించిన ఆ వాగ్ధాటి వెనుక, ఆ లెక్కించి యిచ్చిన రూకల వెనుక, మిర్యాలగూడలో ఒక బోసిచేయి యుండెనని ఆ రాత్రి తెలిసికొంటిని.

ప్రాచీనులు దీనికి సంబంధించిన మాటను ఎన్నడో చెప్పియున్నారు. భట్టనాయకుడు సాధారణీకరణమనెను: రంగముమీది రాముడు గాని రావణుడు గాని నావాడును కాడు, పరాయివాడును కాడు, స్వంతలాభనష్టములు మఱచినప్పుడే రసము పుట్టునని భావము. అభినవగుప్తుడు రసమునకు ఏడు విఘ్నములను లెక్కించుచు, తన సొంత సుఖదుఃఖములలో మునిగియుండుటను వానిలో నొకటిగా చేర్చెను. బోధించునప్పుడు నేను పిల్లలకు ఈ విఘ్నమును ప్రేక్షకుని లోపముగానే చెప్పెడివాడను. ఈ లెక్కను మా అత్తమ్మ రసవిఘ్నముతో నాటకశాలలో కూర్చున్నట్టిది. కాని ఆ సభయందు బుచ్చమ్మను వెదకినది ఆమె యొక్కతెయే. మిగిలిన మా యందఱి రసానుభవమును నిర్విఘ్నముగా సాగినదనగా, నష్టము ఇంకొకరి పద్దున పడినదని యర్థము. అభినవగుప్తుని తప్పుపట్టునంతటి వాడను కాను. ఆయన చెప్పినది రసము పుట్టు విధమును గూర్చి. ఆ రసమునకు వెల ఎవరు చెల్లింతురను ప్రశ్న ఆయన యెదుట లేదు.

గురజాడవారికి ఆ ప్రశ్న తెలియును. గిరీశమునకు నాలుక ఇచ్చిన చేతితోనే మధురవాణికి కన్నులిచ్చిరి. ఆమె ఆతని ప్రతిమాటకును నవ్వుచునే దాని తూకమును ఎఱుగును. రెండవకూర్పున ఆమె పాత్ర పెరిగిన కొలదియు గిరీశపు మాటలకు ప్రక్కనే ఒక త్రాసు నిలిచినది. ఆ త్రాసును తొలగించినది గ్రంథకర్త కాడు. పెండ్లివిందులలో చమత్కారములు వల్లించువారును, రక్తి కట్టదని కత్తిరించు నావంటి పండితులును.

చింతామణి నాటకము గతియు ఇట్టిదే. వేశ్యాలోలత కొంపలార్పునని చూపుటకు కాళ్లకూరి నారాయణరావుగారు దానిని వ్రాసిరి. నాటకసమాజములు ఊరూర నాడి నాడి, సంస్కారమును ప్రక్కకు నెట్టి, సుబ్బిసెట్టి హాస్యమును సాగదీసి, చివరకు బూతులు చేర్చిరి. ఒక కులమువారంతయు ఆ నవ్వునకు వెల చెల్లించిరి. కోదాడ దాటిన కొలదిదూరముననే ఆంధ్రప్రదేశపు ఎల్ల. ఆ ప్రభుత్వము 2022 జనవరిలో, ఆర్యవైశ్యుల విన్నపముమీద, ఆ నాటక ప్రదర్శనమును నిషేధించెను. నిషేధము నాకు సమ్మతము కాదు. నూఱేండ్ల నాటకమును ఒక్క ఉత్తరువుతో నోరు నొక్కుట సులభము. ఏ రంగమును ఎవరు పెంచిరో, ఎవరు నవ్విరో లెక్క తీయుట కష్టము. కాని నొచ్చుకొన్నవారిని రసజ్ఞత లేనివారని యెగతాళి చేసిన నా మిత్రుల పక్షమును కూడ నేను వహింపలేకపోయితిని. మా అత్తమ్మ నడుమ నాగి యడిగిన ప్రశ్న నాకు అడ్డువచ్చెను.

సుయోధనుని మాటలు అబద్ధములయ్యెనా? కాలేదు. కులమును గూర్చి ఆతడు పలికినది నేటికిని నిజము. స్త్రీవిద్యను గూర్చి మా మామ పలికినదియు నిజమే. మా అక్కయే దానికి సాక్షి. నోటిని చూచి మాటను పాఱవేయుమని నేనెవరికిని చెప్పను. ఆ మాటను ముందుగా మంచివారు పలికియుండినచో కర్ణుడు ఎవరి ఋణమున పడియుండును? మా తండ్రి ఆనాడు వాకిట నిలిచి రెండు మాటలు పలికియుండినచో అత్తమ్మ గాజులు ఆమె చేతనే యుండెడివేమో. ఆయన మంచివాడని మొదటనే చెప్పితిని. ఆ మంచితనముమీద నాకు నానాటికి కోపము పెరుగుచున్నది. మా మామమీద మాత్రము ఇప్పటికిని కోపము రాదు. ఇది న్యాయము కాదని తెలిసియు రాదు.

అత్తమ్మకు ఎనుబది దాటినవి. కోదాడలో కుమారుని యొద్ద నున్నది. మొన్నటి సంక్రాంతికి నేను పోయినప్పుడు టీవీలో దానవీరశూరకర్ణ వచ్చుచుండెను. అస్త్రవిద్యాపరీక్ష ఘట్టము వచ్చినప్పుడు ఆమె మనుమని పిలిచి శబ్దము పెంచుమనెను. సుయోధనుడు మాటలాడుచున్నంతసేపును కన్నార్పక చూచెను. పెదవులు కదలుచుండుట గమనించితిని. ఆమెకును ఆ సంభాషణలు కంఠస్థములే. నలువది యేండ్లకు పైగా ఎవరి నోట విని నేర్చినదో అడుగ నక్కఱలేదు.

జూదము మొదలుకాగానే ఆమె కొంగు సవరించుకొని లేచి వంటయింటిలోనికి పోయెను. నేను కూర్చుండియే యుంటిని. పాచికలు పడుచుండెను. మా తుంగతుర్తి ధర్మరాజు ఒక్కొక్కటియే ఒడ్డి ఓడుచుండెను. కొంతసేపటికి లోపలినుండి, “అయిపోయిందా, అల్లుడా?” అని వినవచ్చెను.

ఇంకను కాలేదని చెప్పితిని.